మరిది గారు నిద్ర లేపుతానంటున్న 98 శాతం

ప్రశ్న: మా తమ్ముడికి పెళ్లయి రెండేళ్లయింది. మరదలు ఇప్పుడు గర్భవతి. రక్తపరీక్షల్లో ఇద్దరూ బీటా తలసేమియా వాహకులని తేలింది. జన్యు పరీక్ష రిపోర్టులో ఇద్దరికీ ‘ఐవీఎస్ 1-5’ అని రాశారు. అది జన్యువులో ప్రోటీను తయారు చేయని భాగంలో వచ్చిన మార్పని డాక్టరు గారు చెప్పారట. ప్రోటీనే తయారు చేయని భాగం చెడితే జబ్బు ఎందుకు రావాలి? ఇదిలా ఉండగా మా మరిది ‘డీఎన్‌ఏ యాక్టివేషన్’ అనే మూడు రోజుల శిబిరానికి వెళ్లివచ్చాడు. మన డీఎన్‌ఏలో 98 శాతం నిద్రపోతోందనీ, దాన్ని చెత్త అన్న శాస్త్రవేత్తలే 2012లో తప్పు ఒప్పుకుని 80 శాతం పనిచేస్తుందని ప్రకటించారనీ, సాధనతో దాన్ని మేల్కొల్పవచ్చనీ అంటున్నాడు. వచ్చే నెల శిబిరానికి నన్నూ, ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయినీ రమ్మంటున్నాడు. మనిషికి పద్దెనిమిది వేలు. ‘బాబాయి చెప్పేదాంట్లో సగం మా పుస్తకంలోనే ఉంది’ అంటోంది మా అమ్మాయి. ఆ 98 శాతానికి పని ఉందా, లేదా? లేదంటే తమ్ముడి రిపోర్టు అర్థం కాదు. ఉందంటే మరిది మాట నిజమవుతుంది. ఇంట్లో గొడవ కాకుండా ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మరిది గారి సంగతి తరువాత చూద్దాం. మీ మరదలికి ఇప్పుడు ఎన్నో వారమో మీరు రాయలేదు. అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది అదే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకుండా ఆ జన్యుమార్పును మోసేవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన తలసేమియా (హిమోగ్లోబిన్ చాలినంత తయారు కాని రక్తపు జబ్బు) వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష సాధారణంగా 10 నుంచి 13 వారాల మధ్య చేస్తారు. ఆ సమయం దాటితే, 15 వారాలు నిండాక ఉమ్మనీరు తీసి చూస్తారు. ఇద్దరిలోనూ ఉన్న మార్పు ఏమిటో ముందే తెలిసింది కాబట్టి ల్యాబుకు సగం పని తగ్గినట్టే. ఆ రిపోర్టు పట్టుకుని ఈ వారంలోనే జన్యు సలహాదారు దగ్గరికి వెళ్లమనండి. ఇది చదవడం ఇక్కడ ఆపి తమ్ముడికి ఫోను చేసినా నేనేమీ అనుకోను.

ఫోను చేశారు కదా. ఇప్పుడు ఆ రిపోర్టులోని మూడు ముక్కల మాట చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు అందులోనే ఉంది.

పెళ్లి వీడియో తీసేవాళ్లను చూశారు కదా. కెమెరా పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంటుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, ఆ మధ్యలో కెమెరా కిందికి దించినప్పుడు పడిన షామియానా తాళ్లు, ఎవరివో చెప్పులు, అన్నీ అందులో ఉంటాయి. తరువాత కూర్చుని చెప్పులు కత్తిరించేసి, అక్కరకొచ్చే దృశ్యాలను అతికిస్తారు. మన జన్యువులు కూడా ఇలాగే ఉంటాయి. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసును తయారు చేసే జన్యువులో అక్కరకొచ్చే ముక్కలు మూడు, వాటి మధ్య కత్తిరించి పారేసే ముక్కలు రెండు. కణం ముందు మొత్తం జన్యువుకూ ఆర్‌ఎన్‌ఏ నకలు తీసుకుంటుంది, తరువాత మధ్య ముక్కలను కత్తిరిస్తుంది. ఈ మధ్య ముక్కలనే ఇంట్రాన్లు అంటారు. ‘ఐవీఎస్’ అన్నా అదే, మధ్యలో వచ్చే ముక్క అని అర్థం. 1 అంటే మొదటి ఇంట్రాన్, 5 అంటే అందులో ఐదో అక్షరం (డీఎన్‌ఏ అంతా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల వరుస). అక్కడ జీ ఉండవలసిన చోట సీ పడింది.

ఆ మొదటి ఇంట్రాన్ పొడవు 130 అక్షరాలు. కత్తెర ఎక్కడ పెట్టాలో గుర్తు దాని మొదట్లోనే ఉంటుంది: జీ, టీ అనే రెండు అక్షరాలు, వాటి చుట్టూ మరికొన్ని. ఐదో అక్షరం ఆ గుర్తులో భాగం. అది మారేసరికి గుర్తు మసకబారుతుంది. కణం చాలాసార్లు అసలు చోటు తప్పి పక్కన కత్తిరిస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం సరిగ్గా కత్తిరిస్తుంది. కాబట్టి బీటా గొలుసు బాగా తక్కువగా తయారవుతుంది. మన దేశంలో బీటా తలసేమియాకు కారణమయ్యే మార్పుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. తెలుగువారిలోనూ అంతే. కత్తిరించి పారేసే ముక్కే కావచ్చు, దాని అంచుకు మాత్రం పని ఉంది.

ఇక్కడితో ఆపితే ‘చూశావా వదినా, పనికిరాని భాగం అంటూ ఏదీ లేదు’ అంటారు మీ మరిది. అందుకని ఇంకో అడుగు వేద్దాం. ఇదే ఇంట్రాన్‌లో 110వ అక్షరం మారినందువల్ల కూడా తలసేమియా వస్తుంది. సైప్రస్, గ్రీస్, తుర్కియే వైపు అది ఎక్కువ. అక్కడ జరిగేది వేరు. అక్కడ జీ పోయి ఏ రావడంతో, అంతవరకూ లేని దొంగ కత్తెర గుర్తు కొత్తగా పుడుతుంది. కణం దాన్ని చూసి మోసపోయి 19 అక్షరాలు ముందే కత్తిరిస్తుంది, ఆ 19 అక్షరాలు సందేశంలోనే ఉండిపోతాయి. ఇప్పుడు చెప్పండి, 110వ అక్షరానికి అంతకుముందు పని ఉన్నట్టా? లేదు. మీ వీధిలో ఖాళీ గోడ మీద ఎవరో ‘ఆసుపత్రికి దారి’ అని తప్పు బాణం గీస్తే జనం దారి తప్పుతారు. అంతమాత్రాన, బాణం గీయకముందు ఆ గోడ జనానికి దారి చూపించేదని ఎవరూ అనరు. మారితే చెడు జరిగినంత మాత్రాన అంతకుముందు అక్కడ పని ఉందని రుజువు కాదు. వైద్య విద్యార్థులు కూడా ఇక్కడ తడబడటం నేను చూశాను.

అందుకే ‘ఆ 98 శాతానికి పని ఉందా లేదా’ అన్న మీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను. అది ఒకే రకం సరుకు కాదు. మన డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ప్రోటీన్లు తయారు చేసే భాగం రెండు శాతం కూడా లేదు. మిగిలినదాంట్లో జన్యువులను ఎప్పుడు, ఎక్కడ, ఎంత నడపాలో చెప్పే మీటలున్నాయి, ప్రోటీను కాకుండా ఆర్‌ఎన్‌ఏగానే పనిచేసే జన్యువులున్నాయి, క్రోమోజోముల కొసలూ నడుములూ ఉన్నాయి. వీటి పనిని ఎవరూ కాదనలేదు. ‘శాస్త్రవేత్తలు 98 శాతాన్నీ చెత్త అన్నారు’ అన్నది కథ మాత్రమే. ఫ్రాన్సులో జాకబ్, మొనో అనే శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాలో జన్యువుల మీటల సంగతి చెప్పింది 1961లో. 1965లో వారికి నోబెల్ కూడా వచ్చింది. అప్పటికి ‘జంక్ డీఎన్‌ఏ’ అన్న మాటకు ప్రచారమే లేదు.

ఆ మాటకు ప్రచారం తెచ్చినవారు సుసుము ఓనో అనే జన్యు శాస్త్రవేత్త, 1972లో. ఆయన వాదన లెక్కల మీద నిలబడింది. ప్రతి బిడ్డ డీఎన్‌ఏలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు కొన్ని పుడతాయి. ఇప్పుడు మనకు తెలిసినంతలో అవి 60, 70 దాకా ఉంటాయి. ప్రతి అక్షరమూ ముఖ్యమైనదే అయితే ప్రతి తరంలోనూ అన్ని దెబ్బలు తగిలి మనిషి జాతి ఎప్పుడో అంతరించేది. ఆ దెబ్బల్లో ఎక్కువ భాగం ఏమీ లేని చోట పడుతున్నాయి కాబట్టే బతికిపోతున్నాం. ఈ వాదనను ఇంతవరకూ ఎవరూ పడగొట్టలేదు.

అసలు తంటా అంతా తెలుగులో ఆ మాటను ‘చెత్త’ అని రాయడంతో వచ్చిందని నా అనుమానం. సిడ్నీ బ్రెన్నర్ అనే పెద్ద శాస్త్రవేత్త ఇంగ్లీషులోనే ఈ తేడా చెప్పారు: చెత్త అంటే బయట పారేసేది, జంక్ అంటే పారేయకుండా ఉంచుకునేది. మనకు దానికి సరైన మాట ఉండనే ఉంది, అటక మీది సామాను. పగిలిన గంగాళం, చక్రం ఊడిన సైకిలు, ఎవరో ఇచ్చిన రెండో ఇడ్లీ పాత్ర. వాటితో పని లేదు, అయినా పారేయం. ఎప్పుడైనా ఒకటి అక్కరకు రావచ్చు. అంతమాత్రాన అటక మీదున్నవన్నీ ఇప్పుడు వంటింట్లో పనిచేస్తున్నాయని ఎవరూ అనరు.

మన అటక మీద ఎక్కువ భాగం పిలవని పేరంటానికి వచ్చినవే. తమను తామే నకలు తీసుకుని డీఎన్‌ఏలో ఇంకో చోట దూరే ముక్కలవి. బార్బరా మెక్‌క్లింటాక్ ఇలా చోటు మారే ముక్కలను మొక్కజొన్నలో 1940లలోనే పట్టుకున్నారు. నోబెల్ మాత్రం 1983లో వచ్చింది. మన డీఎన్‌ఏలో దాదాపు సగం ఇలాంటి ముక్కలూ వాటి శిథిలాలూ. ఆలూ అనే 300 అక్షరాల ముక్క ఒక్కటే పది లక్షలకు పైగా నకళ్లుగా పడి ఉంది. (పేరుకూ బంగాళాదుంపకూ సంబంధం లేదు.) ఎప్పుడో మన పూర్వజీవులకు సోకి డీఎన్‌ఏలో చిక్కుకుపోయిన వైరస్‌ల అవశేషాలు కూడా ఆ సగంలో భాగమే, మొత్తంలో ఎనిమిది శాతం దాకా ఉంటాయి. వాటిలో ఒకటి నిజంగానే అక్కరకొచ్చింది: మీ మరదలి కడుపులో ఇప్పుడు మాయ ఏర్పడటానికి సాయపడుతున్న సిన్సిటిన్ అనే ప్రోటీను ఒకప్పటి వైరస్ జన్యువు నుంచి వచ్చినదే. పగిలిన గంగాళం పూలకుండీ అయినట్టన్నమాట. కానీ ఒక గంగాళాన్ని చూపించి అటకంతా పూలకుండీలే అనకూడదు.

ఇక 2012 సంగతి. మీ మరిది చెప్పింది పూర్తిగా కల్పితం కాదు. ఎన్‌కోడ్ అనే పెద్ద అంతర్జాతీయ ప్రాజెక్టు ఆ సెప్టెంబరులో 80 శాతం డీఎన్‌ఏకు ‘జీవరసాయన క్రియ’ ఉందని ప్రకటించింది. పత్రికలన్నీ ‘చెత్త చెత్త కాదు’ అని శీర్షికలు పెట్టాయి. నేనూ ఒక కత్తిరింపు తెచ్చి కాలేజీ నోటీసు బోర్డులో అంటించాను, అసలు పరిశోధన పత్రం చదివాక నేనే తీసేశాను. వాళ్లు 147 రకాల కణాలను చూశారు. ఏ అక్షరం నుంచైనా ఆర్‌ఎన్‌ఏ నకలు వచ్చినా, ఏదైనా ప్రోటీను అంటుకున్నా, రసాయన గుర్తు పడినా ‘క్రియ ఉంది’ అని లెక్కవేశారు. అంటే బస్సు ఆగిన ప్రతిచోటునూ బస్టాపు అని రాసుకున్నట్టు. సిగ్నలు దగ్గర ఆగుతుంది, గేదెలు అడ్డొస్తే ఆగుతుంది, డ్రైవరుకు టీ తాగాలనిపిస్తే ఆగుతుంది. ఆగడం నిజమే. కానీ బస్టాపు ఏదో తెలుసుకోవాలంటే అక్కడ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉన్నారా అని చూడాలి. 2013లో డాన్ గ్రావర్ అనే పరిణామ శాస్త్రవేత్త, ఆయన సహచరులు గట్టిగా విమర్శించారు. 2014లో ఆ ప్రాజెక్టులోని ప్రముఖులే, జీవరసాయనంతో కొలిస్తే ఒక జవాబు, పరిణామంతో కొలిస్తే ఇంకొకటి వస్తాయని వివరంగా రాశారు. తప్పు ఒప్పుకున్నదంటూ ఉంటే, కాస్త ఆ దిశగానే ఒప్పుకున్నారు. శిబిరంలో చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా.

ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉన్నారో లేదో చూసే పద్ధతి ఏమిటంటే, ఏ అక్షరాలు మారకుండా తరతరాలుగా నిలిచి ఉన్నాయో వెతకడం. పని ఉన్నచోట మార్పు పడితే ఆ జీవి నష్టపోతుంది, కాబట్టి ఆ చోట్లు కోట్ల సంవత్సరాలైనా పెద్దగా చెదరవు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ఈ లెక్క వేస్తే మనిషి డీఎన్‌ఏలో 8.2 శాతం తేలింది. పద్ధతిని బట్టి ఈ అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది. ఎంత ఉదారంగా లెక్కవేసినా 25 శాతం దాటదని గ్రావర్ 2017లో రాశారు. 2004లో అమెరికాలో ఒక బృందం ఎలుకల డీఎన్‌ఏలో జన్యువులు లేని రెండు పెద్ద ప్రాంతాలను, ఒకటి 15 లక్షల అక్షరాలది, ఇంకొకటి 8 లక్షలది, పూర్తిగా తీసేసింది. ఎలుకలు పుట్టాయి, తిన్నాయి, పిల్లలను కన్నాయి. వాటిలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడలేదు.

ఇంత లెక్క అక్కరలేదనుకుంటే ఉల్లిపాయను చూపించండి. ఉల్లిపాయ డీఎన్‌ఏలో సుమారు 1600 కోట్ల అక్షరాలున్నాయి, మనకన్నా అయిదు రెట్లు. జపానువాళ్లు తినే ఫుగు చేపకు 40 కోట్లే. పనికిమాలిన అక్షరం లేదంటే, మనకన్నా అయిదింతల ఆదేశాలు ఉల్లిపాయకు ఎందుకో చెప్పాలి. నిద్రపోతున్న శక్తే అయితే మీ మరిది గారు ముందుగా లేపవలసింది పెసరట్టు మీది ఉల్లిపాయను.

లేపడం గురించి కూడా ఒక మాట. అటక మీది ఆ నకలు ముక్కల్లో కొన్ని నిజంగానే నిద్రపోతున్నాయి. మన కణాలు వాటి మీద రసాయన ముద్రలు వేసి, కష్టపడి నిద్రపుచ్చుతున్నాయి. ఎల్1 అనే జాతిలో ఎనభై, వంద దాకా ఇంకా గెంతగలిగినవి ఉన్నాయి. అందులో ఒకటి మేల్కొని గెంతితే ఏమవుతుందో 1988లో తెలిసింది. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఫ్యాక్టర్ 8 జన్యువులో ఎల్1 వచ్చి దూరడంతో ఇద్దరు పిల్లలకు హిమోఫీలియా వచ్చింది. కాబట్టి వాటిని నిద్ర లేపకపోతేనే మంచిది. శిబిరంలో మూడు రోజులు కూర్చుంటే అవి లేవవు కాబట్టి ఆ భయం మాత్రం అక్కరలేదు.

ఇలా చెబుతుంటే నేను మీటల పక్షాన మాట్లాడటం లేదనిపిస్తుందేమో. నిజానికి ఈ విషయం మొత్తంలో నాకు ఇష్టమైన చోటు అదే. బొటనవేలి పక్కన ఆరో వేలుతో పుట్టిన పిల్లలను మీరు చూసే ఉంటారు, అదృష్టం అంటారు మనవాళ్లు. అలాంటి కొన్ని కుటుంబాల్లో కారణం ఎక్కడుందో తెలుసా? చేతివేళ్లను దిద్దే జన్యువుకు పది లక్షల అక్షరాల దూరంలో, ఇంకేదో జన్యువు ఇంట్రాన్‌లో ఉన్న 800 అక్షరాల మీటలో. అందులో ఒక్క అక్షరం మారితే చాలు. ఎలుకల్లో ఆ మీటను తీసేస్తే కాళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. తీసేసిన చోట పాము నుంచి తెచ్చిన మీట పెట్టినా ఫలితం అంతే. పాములు కాళ్లు పోగొట్టుకున్న కథలో ఒక పుట అక్కడ దొరికింది. జన్యువు చెక్కుచెదరలేదు, దాని మీట మాత్రం చెడింది.

మీ తమ్ముడి విషయానికి ఇది దూరమేమీ కాదు. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు బీటా గొలుసు అక్కరలేని వేరే రకం హిమోగ్లోబిన్ వాడుకుంటాం. పుట్టాక బీసీఎల్11ఏ అనే జన్యువు దాన్ని కట్టేస్తుంది. ఎర్ర రక్తకణాల వంశంలో ఆ జన్యువును నడిపే మీట దాని ఇంట్రాన్‌లోనే ఉంది. రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, ఆ మీటను కత్తిరించి తిరిగి ఎక్కిస్తే, పాత హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. క్యాస్‌జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ మొదట అనుమతి ఇచ్చింది, తలసేమియాకూ సికిల్ సెల్‌కూ. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని ఇప్పటి పరీక్ష మానుకోమని మాత్రం ఎవరూ చెప్పకూడదు. 98 శాతంలోని కొద్ది అక్షరాలతో మనుషులు చేసిన అసలైన పని ఇది. ఏ మీటో, ఎక్కడో, కత్తిరిస్తే ఏమవుతుందో ముందు తెలుసుకుని చేశారు.

పని వేరు, ఉపయోగం వేరు అని మీ అమ్మాయికి చెప్పడానికి మన హైదరాబాద్ ఉదాహరణే ఉంది. అక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ 1980ల చివర్లో మన దేశానికి డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి సిద్ధం చేశారు. ఆయన వాడిన సాధనం ఒక కట్లపాము డీఎన్‌ఏలో మళ్లీ మళ్లీ వచ్చే అక్షరాల వరుస నుంచి వచ్చింది. అలాంటి వరుసలు ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. చాలావరకు మారినా మనిషికేమీ కాదు, కాబట్టే అంత స్వేచ్ఛగా మారుతాయి, కాబట్టే మనిషిని గుర్తుపట్టడానికి పనికొస్తాయి. కోర్టుకు పనికొచ్చిందంటే శరీరానికి పని చేసిపెడుతోందని కాదు. పరీక్ష విషయానికొస్తే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి: జన్యుపదార్థంలో ప్రోటీన్లను సంకేతించేది రెండు శాతం కన్నా తక్కువ. ఆ వాక్యం సరైనదే. మిగతాది నిద్రపోతోందని ఆ పుస్తకం ఎక్కడా అనలేదు.

మీ మరిదితో శాతాల మీద వాదించకండి. అన్నం దగ్గర అసలే వద్దు. ఆయన అబద్ధాలకోరు కాదు, సగం నిజాన్ని డబ్బు కట్టి కొనుక్కున్నవాడు, ఆ కోపం అందరి మీదా చూపించగలడు. ఒక్క ప్రశ్న అడగండి: ‘శిబిరానికి ముందూ తరువాతా డీఎన్‌ఏలో ఏం కొలిచారు?’ కొలిచిన కాగితం చూపిస్తే నాకు పంపండి, చదువుతాను. ప్రాణాయామం చేశాక మనసు తేలికపడింది అంటే, సంతోషమేనని చెప్పండి. దానికి డీఎన్‌ఏ సాక్ష్యం అక్కరలేదు, పద్దెనిమిది వేలూ అక్కరలేదు.

అమ్మాయిని పంపకండి. దానికి బదులు ఇంకో పని ఉంది, అది మీరు అడగలేదు. మీ తమ్ముడికి ఆ మార్పు అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చింది. అంటే మీరూ వాహకులయ్యే అవకాశం రెండింట ఒక వంతు. మీకు ఉంటే మీ అమ్మాయికీ ఉండే అవకాశం సగం. వాహకులకు జబ్బేమీ ఉండదు, మందులూ అక్కరలేదు. అమ్మాయికి పెళ్లి మాటలు వచ్చేనాటికి తెలిసి ఉంటే చాలు. ముందు మీరు రక్తకణాల లెక్కింపు, హెచ్‌బీఏ2 (వాహకుల్లో పెరిగి కనిపించే ఒక రకం హిమోగ్లోబిన్) పరీక్ష చేయించుకోండి. మీకు లేకపోతే ఆ మార్పు మీ నుంచి అమ్మాయికి రాదు. ఉంటే తనకూ చేయించండి. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు హెచ్‌బీఏ2 తగ్గి కనబడవచ్చు, కాబట్టి ఫలితం అంచున ఉంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) కూడా చూడమని డాక్టరు గారిని అడగండి.